వైరస్ రానురానూ మెత్తబడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, షుగర్ ఉంది. టీవీలో కోవిడ్ కొత్త వేరియంట్ (మారిన రకం) అని చెప్పినప్పుడల్లా మా మావయ్య "వైరస్ అన్నాక రానురానూ బలహీనపడిపోవాల్సిందే, మనిషిని చంపేస్తే దానికే కదా నష్టం" అని కొట్టిపారేస్తారు. నాకేమో నాన్న కాస్త దగ్గినా టెన్షనే. మావయ్య మాట నమ్మొచ్చా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నమ్మొద్దండి. ఆయనదేం తప్పులేదు, ఒకప్పుడు పెద్దపెద్ద డాక్టర్లు కూడా ఇదే మాట చెప్పేవారు, వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అలాంటి నియమమేదీ లేదు. వైరస్ ఒళ్లో పెరిగేటప్పుడు దానిలో చిన్నచిన్న మార్పులు వస్తుంటాయి, వాటిలో ఏది ఒకరి నుంచి ఇంకొకరికి బాగా అంటుకుంటే అది నిలుస్తుంది. అంతే. కోవిడ్ ఎక్కువగా అంటుకునేది లక్షణాలు బయటపడే ముందు ఒకట్రెండు రోజులూ, ఆ తర్వాత మొదటి వారంలోపూ. ప్రాణం మీదికి వచ్చేది చాలామందికి రెండో వారంలోనో మూడో వారంలోనో. అప్పటికే అది ఇంకో నలుగురికి అంటుకుని ఉంటుంది కాబట్టి, ఈ మనిషి బతికినా పోయినా దానికి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు.

కోవిడ్ వేరియంట్లలో డెల్టా సంగతే చూడండి. 2020 చివర్లో మన దేశంలోనే మొదట బయటపడింది, అంతకుముందు వచ్చిన ఆల్ఫా కన్నా ఎక్కువమందిని ఆస్పత్రి పాలు చేసింది. ఆ ఆల్ఫా కూడా మొదటి రకం కన్నా ముదురే. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెట్టినవాళ్లకి వైరస్ మెత్తబడుతుందని ఎవరు చెప్పగలరు?

మరి ఒమిక్రాన్ మెత్తగానే ఉంది కదా అంటారు. నిజమే, కానీ డెల్టా మెత్తబడి ఒమిక్రాన్ కాలేదు, అది వైరస్ వంశవృక్షంలో వేరే కొమ్మ నుంచి వచ్చింది. ఊపిరితిత్తుల లోపలికన్నా పై గొట్టాల్లో ఎక్కువగా పెరగడం దాని తీరు. పైగా అది వచ్చేసరికి మనలో చాలామందికి టీకా పడిందో, జబ్బు వచ్చిపోయిందో, లేదా రెండూనో. అదే ఒమిక్రాన్ 2022 మొదట్లో హాంకాంగ్‌కి వెళ్లింది. అక్కడ టీకా వేయించుకోని ముసలివాళ్లు ఎక్కువ, కొన్ని వారాల్లోనే వేలమంది చనిపోయారు. అందుకే మెత్తదనం ఎంత వైరస్‌ది, ఎంత మన ఒంటిది అని చూసుకోవాలి.

మీది తణుకు కాబట్టి ఇంకొకటి చెప్తాను, కోళ్ల ఫారాలవాళ్లని అడిగితే వాళ్లే చెప్తారు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాచి కోడి పడిపోయే మారెక్స్ జబ్బు ఉంది చూశారా, దానికి రోజు పిల్లకే టీకా వేస్తారు. వందేళ్ల కిందట అది ఎక్కువగా కాళ్లు పడిపోయే జబ్బే, ఆ తర్వాత దశాబ్దాలు గడిచేకొద్దీ ముదిరిందే తప్ప తగ్గలేదు. ఆస్ట్రేలియాలో కుందేళ్ల మీదికి 1950లో వదిలిన మిక్సోమా వైరస్ మాత్రం మొదట నూటికి 99 కుందేళ్లకు పైగా చంపి, కొన్నేళ్లలోనే కొంత తగ్గింది. కుందేలు మరీ త్వరగా చస్తే దోమలు కుట్టి జబ్బును మోసుకెళ్లే వ్యవధి ఉండదు మరి. మీ మావయ్యగారి మాట సరిగ్గా సరిపోయేది అలాంటి చోటే. అక్కడ కూడా కుందేళ్లు తట్టుకోవడం నేర్చాక వైరస్ మళ్లీ పదునెక్కింది! ఇక మశూచి వేల ఏళ్లు మనతో ఉండి కూడా మెత్తబడి పోలేదు, టీకాలతో పోయింది.

కాబట్టి వేరియంట్ పేరు కన్నా నాన్నగారి ఒళ్లు ఎలా ఉందో చూడండి. ఫ్లూ టీకా, కోవిడ్ డోసుల గురించి ఆయన్ని చూసే డాక్టరుని అడగండి. జ్వరం, దగ్గు వస్తే మొదటి ఒకట్రెండు రోజుల్లోనే టెస్ట్ చేయించండి, ఎందుకంటే కోవిడ్ మందులు మొదటి ఐదు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. జ్వరంలో షుగర్ పెరుగుతుంది, రోజూ చూడండి. 2021లో కొన్న ఆక్సీమీటర్ ఏ సొరుగులోనో ఉంటే బ్యాటరీలు మార్చి పెట్టుకోండి. రీడింగ్ 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి వెళ్లిపోండి, తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టరు రాయకుండా మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రం కొనకండి. ఆ ఏడాది బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో చాలామంది షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లే.