జాజ్ కోసం ఇంకో పేరు పెట్టుకున్న చరిత్రకారుడు

ప్రశ్న: మా అన్నయ్య దృష్టిలో జాజ్ అంటే బీచ్ రోడ్డు హోటళ్ళలో భోజనాల వేళ సన్నగా వినిపించే వాద్యసంగీతం. గొప్ప కోసం వినేవాళ్ళే గాని దాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్ళు ఎవరూ ఉండరంటాడు. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో బ్యాండు విన్నప్పటి నుంచి నాకు శాక్సఫోన్ మీద మనసు పోయింది. పేరున్నవాళ్ళలో నిజమైన జాజ్ అభిమానులెవరో చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, కంచరపాలెం

జవాబు: అమ్మా, మీ అన్నయ్యకు ముందుగా ఎరిక్ హాబ్స్‌బామ్ గురించి చెప్పండి. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద చరిత్రకారుల్లో ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివినవాళ్ళను ఎవరినడిగినా ఆయన పేరు చెబుతారు. 1950లలో ఆయన లండన్‌లో 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికకు జాజ్ సమీక్షలు రాశారు, ఫ్రాన్సిస్ న్యూటన్ అనే పేరుతో. ఆ పేరు ఫ్రాంకీ న్యూటన్ అనే నల్లజాతి ట్రంపెట్ కళాకారుడిది. అమెరికాలో నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసిన దారుణం మీద బిల్లీ హాలిడే 1939లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాటకు వాయించిన బ్యాండు ఆయనదే. అంతటి చరిత్రకారుడు ఒక ట్రంపెట్ కళాకారుడి పేరు తన రాతల కింద పెట్టుకున్నాడంటే, అంతకంటే పెద్ద నమస్కారం ఏముంటుంది! 1959లో 'ద జాజ్ సీన్' పుస్తకాన్ని కూడా ఆ పేరుతోనే వేశారు. అందులో రాగతాళాలతో ఆగిపోలేదు. వాయించేవాళ్ళ బతుకు, ఆ సంగీతం మీద నడిచే వ్యాపారం, వినే జనం, అన్నీ రాశారు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

జపాన్ రచయిత హరుకి మురకామి సంగతి వేరు. పదిహేనేళ్ళ వయసులో, 1964లో, కోబె నగరంలో డ్రమ్స్ వాద్యకారుడు ఆర్ట్ బ్లేకీ బృందం కచేరీ విని కదిలిపోయాడు. 1974లో భార్యతో కలిసి, అప్పు చేసి, టోక్యోలో 'పీటర్ క్యాట్' అనే చిన్న జాజ్ కేఫ్ తెరిచాడు. పగలు కాఫీ, రాత్రి మద్యం, ఎప్పుడూ జాజ్. మొదటి నవల రాసింది కూడా కేఫ్ మూసి ఇంటికి చేరాక, అర్ధరాత్రి వంటింటి బల్ల దగ్గరే. తన వాక్యానికి లయ జాజ్ నుంచే వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఏళ్ళ తరబడి పొద్దస్తమానం వింటే గాని అలాంటి చెవి రాదు.

ఇక జిమ్మీ కార్టర్. 1978 జూన్ 18న అమెరికా అధ్యక్షుడి హోదాలో వైట్‌హౌస్ పచ్చికలో జాజ్ కచేరీ పెట్టించారు. వచ్చినవారిలో బాస్ (మంద్రంగా పలికే పెద్ద తంత్రీ వాద్యం) విద్వాంసుడు, స్వరకర్త చార్లెస్ మింగస్ ఉన్నారు. నరాల జబ్బుతో చక్రాల కుర్చీలో ఉన్నారాయన. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే మింగస్ ఏడ్చేశారు. కార్టర్ వెళ్ళి ఆయన్ను దగ్గరికి తీసుకున్నారు. మరుసటి జనవరిలోనే మింగస్ పోయారు. ఆ కచేరీలోనే ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీతో కలిసి కార్టర్ 'సాల్ట్ పీనట్స్' పాడారు. స్వతహాగా ఆయన వేరుశనగ రైతు!

ఇంగ్లిష్ కవి ఫిలిప్ లార్కిన్ 1961 నుంచి పదేళ్ళు దినపత్రికలో జాజ్ రికార్డుల సమీక్షలు రాశాడు. శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌ను, ఆ తర్వాత వచ్చినవాళ్ళను మాత్రం సహించలేకపోయాడు. అది నాకు నచ్చదు. థాయిలాండ్ రాజు భూమిబోల్ శాక్సఫోన్ బాగా వాయించేవాడు, 1960లో న్యూయార్క్‌లో క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ పక్కన కూర్చుని వాయించాడు. బాస్కెట్‌బాల్ వీరుడు కరీం అబ్దుల్-జబ్బార్ ఇల్లు 1983లో కాలిపోయి, వేల జాజ్ రికార్డులు బూడిదయ్యాయి. సంగతి తెలిసిన అభిమానులు తమ దగ్గరున్న రికార్డులు తెచ్చి ఇచ్చారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు గాని, ఈ జాబితాలో వాళ్ళకూ చోటుండాలి.

ఇది గొప్ప కోసం వినే సంగీతమన్న మీ అన్నయ్య మాటకు నా దగ్గర ఇంకో జవాబుంది. నేను జాజ్ విన్నది దొండపర్తి రైల్వే క్వార్టర్‌లో, షార్ట్‌వేవ్ రేడియోలో. 'వాయిస్ ఆఫ్ అమెరికా'లో 1955 నుంచి విల్లిస్ కోనోవర్ జాజ్ వినిపించేవారు. ఇంగ్లిష్ అంతగా రానివాళ్ళ కోసం ఒక్కో మాటా విడదీసి, నిదానంగా చెప్పేవారు. గరగర మధ్య డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించే 'టేక్ ది ఏ ట్రైన్' మొదలైతే, లోకో షెడ్డు నుంచి వచ్చి అలసిపోయిన మా నాన్నగారు కూడా లేచి కూర్చునేవారు.

ప్రశ్న: కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని. జాజ్ వింటే తలాతోకా దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– సంగీతం టీచర్, గాజువాక

జవాబు: ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌తో. అందులో మొదటిది 'సో వాట్'. అవి మీకు తెలిసిన స్వరాలే, ఖరహరప్రియవి. గమకాలు ఉండవు గనుక 'చక్కని రాజమార్గము' అందులో వెతక్కండి. పియానో, బాస్ కలిసి వాయించే నెమ్మది ఆలాపన అయ్యాక తాళం వేయండి. ఆదితాళంలో ఎనిమిది ఆవర్తనాలు ఒక షడ్జమం మీద నడుస్తుంది. తర్వాత నాలుగు ఆవర్తనాలు మొత్తం ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. మళ్ళీ నాలుగు ఆవర్తనాలు మొదటి షడ్జమానికి వస్తుంది. మన కచేరీలో శ్రుతి మధ్యలో కదలదు కాబట్టి మీ చెవి తడబడేది అక్కడే. ఆ చక్రం పట్టుబడితే ఆపైన అంతా మనోధర్మమే, ఒకరి తర్వాత ఒకరు.

ట్రంపెట్ తర్వాత వచ్చే టెనర్ శాక్సఫోన్ జాన్ కోల్ట్రేన్‌ది. ఆయన మన రవిశంకర్‌కు వీరాభిమాని, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ కూడా ఇప్పుడు పేరున్న శాక్సఫోన్ విద్వాంసుడు. ముందు బాస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, షడ్జమం ఎక్కడ మారుతుందో అదే చెబుతుంది. రెండోసారి కోల్ట్రేన్‌ను వినండి.