ట్యూషన్‌లో చేర్చే ముందు లెక్క ఎక్కడ తప్పుతోందో చూడండి

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ వెనకే. ఇంటి దగ్గర మూడు ట్యూషన్లున్నాయి. ఒకచోట రోజూ రెండు గంటలు, ఇరవై మంది పిల్లలు. ఇంకోచోట వారానికి మూడు రోజులు, ముప్పావుగంట, నలుగురే. మూడోది ఆదివారం మూడు గంటలు, వీడొక్కడికే. ఎందులో చేర్చమంటారు?

జవాబు: ముందు వాడి లెక్కల నోటుబుక్కు తెరవండి. ‘లెక్కల్లో వీక్’ అన్న ఒక్క మాట పట్టుకుని ఏ మాస్టారైనా ఎక్కడ మొదలుపెట్టాలి? చివరికి పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచే మొదలుపెడతారు.

వాడికి 402 – 168 ఇవ్వండి. చేస్తూ చేస్తూ ఏం చేస్తున్నాడో పైకి చెప్పమనండి. మీరు మాత్రం నోరు విప్పొద్దు. 234 వస్తే తీసివేత వచ్చినట్టే. 366 రాశాడంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడన్నమాట: 8లోంచి 2, 6లోంచి 0, 4లోంచి 1. అప్పు తెచ్చుకోవడం అన్న ఆలోచనే ఇంకా రాలేదు. 244 రాస్తే సంగతి వేరు. అప్పు తెచ్చుకోవడం వచ్చు, కానీ మధ్యలో ఉన్న సున్నను పది చేశాక, అందులోంచి ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చి తొమ్మిదిగా మార్చడం మరిచాడు. చూడ్డానికి రెండూ తప్పులే. మొదటివాడికి వందను పది పదులుగా, పదిని పది ఒకట్లుగా విడదీయడం పుల్లల కట్టలతో చేయించాలి. రెండోవాడికి సున్నలున్న లెక్కలు ఓ పది చేయిస్తే చాలావరకు సరిపోతుంది. పిల్లల తీసివేత తప్పుల్లో చాలావాటి వెనక ఇలా ఒక నిలకడైన తప్పు పద్ధతి ఉంటుందని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే వివరంగా చూపించారు. ఆ పద్ధతి దొరక్కుండా అలాంటివే యాభై లెక్కలు చేయిస్తే తప్పు ఇంకా గట్టిపడుతుంది.

ఇదే తీరులో మూడో తరగతి పుస్తకంలోంచి ఐదు లెక్కలు, నాలుగో తరగతిలోంచి ఐదు ఇవ్వండి. ఐదింటిలో నాలుగు కూడా సరిగ్గా రాని చోటే మొదలుపెట్టాల్సిన చోటు. భిన్నాలు వదలొద్దు. 1/2 + 1/3 కి 2/5 అని రాసే పిల్లలు కొల్లలు. ‘సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?’ అని అడిగి చూడండి. అప్పుడు ఉలిక్కిపడితే భిన్నమంటే ఏమిటో వాడికి తెలుసు, కూడే పద్ధతే తెలియదు. ఉలిక్కిపడకపోతే భిన్నమే అర్థం కాలేదు.

ఇక మీ మూడు ట్యూషన్లు. నలుగురూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటే రెండోదే. నలుగురిలో ఎవరూ దాక్కోలేరు, మాస్టారు ప్రతి నోటూ చూడగలరు. నేర్చుకున్నది రెండు రోజులకోసారి మళ్లీ గుర్తు చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి నిలుస్తుంది. ఆదివారం మూడు గంటల్లో రెండో గంట దాటాక పిల్లవాడు వినడు, విన్నది వచ్చే ఆదివారానికి మిగలదు. ఇరవై మంది ఉన్నచోట జరిగేది ఎక్కువగా హోంవర్క్ పర్యవేక్షణ. సాయంత్రం మీరు ఇంట్లో లేక హోంవర్క్ ఆగిపోతుంటే అదీ అవసరమే. కానీ దాంతో తీసివేత బాగుపడుతుందని ఆశపడకండి.

ప్రశ్న: డెమో క్లాసుకు రమ్మన్నారు. అక్కడ ఏం గమనించాలి?

జవాబు: పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి. అరగంటలో పావుగంటకు పైగా మాస్టారే రాస్తూ, చెబుతూ ఉంటే అది పాఠం, ట్యూషన్ కాదు. పిల్ల తప్పు చేసినప్పుడు ఆయన ఏం చేస్తారన్నది రెండో సంగతి. వెంటనే సరైన జవాబు చెప్పేస్తే పిల్ల తలూపుతుంది, అంతే. ‘ఇది ఎలా వచ్చిందో చెప్పమ్మా’ అని అడిగి, ఆగి, వినే మనిషి దొరికితే వదులుకోకండి. డిగ్రీల కంటే ఈ అలవాటుకే మేము ఎక్కువ విలువిస్తాం.

తర్వాత మాస్టారిని మూడు అడగండి. చేర్చుకునే ముందు ఏం పరీక్ష పెడతారు? రెండు నెలలకు ఏం వచ్చి ఉంటుంది? వచ్చిందని మాకెలా తెలుస్తుంది? ‘అంతా మాకు వదిలేయండి’ అన్నది వీటికి జవాబు కాదు.

ఇంకొకటి, మొహమాటం లేకుండా: క్లాసు జరిగే గది తలుపు తెరిచి ఉండాలి, లేదా బయటి నుంచి కనపడాలి. తల్లిదండ్రులు చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చు. పిల్లకు విడిగా మెసేజీలు పెట్టకూడదు, ఏదున్నా మీరూ ఉన్న గ్రూపులోనే. మంచి టీచర్లు దీనికి నొచ్చుకోరు.

ప్రశ్న: ‘ఒక్కొక్కరికే విడిగా చెబితే సగటు విద్యార్థి నూటికి 98 మందిని దాటతాడని పరిశోధనలో తేలింది’ అని ఒక కరపత్రంలో చదివాం. నిజమేనా?

జవాబు: ఆ అంకె అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసంలోది. మామూలు తరగతిలో చదివే నూరుమందిలో 98 మంది అని దాని అర్థం. అది ఆయన దగ్గరి ఇద్దరు పరిశోధక విద్యార్థుల ప్రయోగాల ఫలితం. కొద్ది వారాల పాఠాలు, తక్కువ మంది పిల్లలు. పైగా ఆ పిల్లలకు ఒక పాఠం బాగా వచ్చేదాకా తర్వాతిది చెప్పలేదు, మధ్యమధ్య పరీక్షలు పెట్టి తప్పులు దిద్దారు. ఫలితంలో అదీ ఒక భాగం. 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు చాలా అధ్యయనాలను కలిపి చూస్తే అంత రాలేదు. సగటు విద్యార్థి ట్యూషన్ లేని నూరుమందిలో సుమారు 78 మందిని దాటే స్థాయిలో ప్రయోజనం కనిపించింది. అది కూడా చిన్నదేమీ కాదు. కరపత్రం వేసినవారిని ఒక్కటే అడగండి: పాఠం రాకపోతే మళ్లీ చెబుతారా, సిలబస్ ప్రకారం ముందుకెళ్లిపోతారా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. చదవడానికి కూర్చుంటే కూడబలుక్కుని చదువుతుంది, అర్థం అడిగితే చెప్పలేదు. ట్యూషన్ పెడితే మేలా?

జవాబు: ఒక కథలోంచి సరిగ్గా వంద పదాలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకోండి. పాప పైకి చదువుతుంటే తడబడిన ప్రతి పదానికీ విడి కాగితం మీద ఒక గీత పెట్టండి. ఐదు గీతల లోపైతే ఆ పుస్తకం ఆమె ఒంటరిగా చదువుకోగలదు. ఐదు నుంచి పది మధ్యైతే పక్కన ఎవరైనా కూర్చోవాలి. పది దాటితే ఆ పుస్తకం ఆమెకు బరువు, ఇంకా తేలికది ఇవ్వాలి. తరగతి పుస్తకం బరువని తేలితే దాన్నే మళ్లీ మళ్లీ చదివించడం వల్ల బట్టీ వస్తుంది గానీ చదవడం రాదు.

గీతలు ఎక్కడ పడ్డాయో కూడా చూడండి. ఒత్తుల దగ్గరే పడుతుంటే ఒత్తులు. ఇ–ఈ, ఉ–ఊ తేడాల దగ్గరైతే గుణింతం. పదాలన్నీ సరిగ్గా పలికి అర్థం చెప్పలేకపోతే సమస్య అక్షరాల్లో లేదు, ఆ పదాలు ఆమె చెవిన పడలేదు. అప్పుడు ట్యూషన్ కంటే రోజూ పావుగంట మీరు చదివి వినిపించడం, దాని గురించి మాట్లాడటం ఎక్కువ పనికొస్తాయి.

అక్షరాల దగ్గరే ఇబ్బంది అయితే రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి నాలుగైదు రోజులు చాలు. మొదట ముందు రోజు చదివిన పేరానే మళ్లీ, తర్వాత తడబడిన నాలుగైదు పదాలు చీటీల మీద, ఆ తర్వాత కొత్త పేరా. చీటీలు చూపించి మీరు చదివేయకండి. ఆమె గుర్తు తెచ్చుకోవడానికి నాలుగైదు సెకన్లు ఆగండి. గుర్తు తెచ్చుకునే ఆ ప్రయత్నమే పని చేస్తుంది. పది, పన్నెండు వారాలు ఇలా విడవకుండా చేసినా కదలిక లేకపోతే మరో ట్యూషన్ వెతక్కండి. కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించి, డిస్లెక్సియా (తెలివితో సంబంధం లేకుండా చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉందేమో తెలిసినవారితో చూపించండి. నిజానికి చూపు పరీక్ష ముందే చేయిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మేము పది, పన్నెండు కుటుంబాల వాళ్లం. కలిసి వారాంతంలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పుకుందామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: పన్నెండు మంది పిల్లలకు నలుగురు పెద్దలు, అంటే ఒక్కొక్కరికి ముగ్గురు. ఐదో మనిషిని ఎవరైనా రానప్పుడు ఆ చోటు నింపడానికి ఉంచుకోండి. ఈ ఐదో మనిషి లేకనే ఇలాంటివి చాలావరకు మూడు, నాలుగు వారాలకు ఆగిపోతాయి. ఒకరు ఊరెళ్తారు, ముగ్గురు పిల్లలు ఖాళీగా కూర్చుంటారు, వచ్చేవారం వాళ్లు రారు.

పిల్లలను తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి విడగొట్టండి. అక్షరాలు, పదాలు, పేరా, కథ: చదవడానికి ఈ నాలుగు మెట్లు చాలు. ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి పాపతో ఒకే జట్టులో పడి సిగ్గుపడితే, వాడిని ఆ జట్టుకు సాయంగా పెట్టండి. చదివించడానికి వాడు చదవాలి కదా, పని జరిగిపోతుంది. జట్లకు పేర్లు పెట్టండి, నంబర్లు వద్దు. నంబరు పెడితే ఒకటో జట్టు గొప్పదని పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు.

గంటలో మొదటి పది నిమిషాలు పోయినవారం నేర్చుకున్నది అడగడం, పాతిక నిమిషాలు కొత్తది, పావుగంట ఆట, చివరి పది నిమిషాలు పుస్తకాలు మార్చుకోవడం. హోంవర్క్ తీసుకురావద్దని మొదటి రోజే చెప్పండి. ఒక్కసారి ఒప్పుకుంటే గంటంతా దానికే పోతుంది. ఎవరొచ్చారు, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారు అన్నది ఒక్క నోటుబుక్కులో రాయండి. ఆరు వారాలకోసారి మళ్లీ చూసి జట్లు మార్చండి. వారంలో ఇంకో రోజు అరగంటైనా కలవగలిగితే ఫలితం బాగుంటుంది. వారానికి ఒక్కరోజు మరీ పలచన.

ప్రశ్న: మా అమ్మాయి తరగతిలో అందరికంటే ముందుంది, బోర్ కొడుతోందంటోంది. వచ్చే ఏడాది పాఠాలు ఇప్పుడే చెప్పించమంటున్నారు.

జవాబు: అలా చేస్తే వచ్చే ఏడాది కూడా బోరే. ఆ తరగతిలో కూర్చుని తెలిసిందే మళ్లీ వింటుంది. ముందుకు కాదు, లోతుకు పంపండి. ఒకటి ఇస్తాం. 1 నుంచి 30 వరకు ఏ సంఖ్యలను వరుస సంఖ్యల మొత్తంగా రాయొచ్చు? 9 అంటే 4 + 5, లేదా 2 + 3 + 4. రెండు లేదా అంతకంటే ఎక్కువ సంఖ్యలుండాలి, సున్న వాడకూడదు. కూడికలు వచ్చిన పిల్ల ఎవరైనా మొదలుపెట్టొచ్చు. కాసేపటికి 1, 2, 4, 8, 16 మాత్రం మొండికేస్తాయని తనే కనిపెడుతుంది. అక్కడి నుంచి ‘ఎందుకు?’ అన్నది హైస్కూలు పిల్లలకూ గట్టి ప్రశ్నే. జవాబు చెప్పెయ్యకండి.

ఇలాంటివి చర్చించుకునే లెక్కల క్లబ్బు, చదరంగం, లైబ్రరీలో వారం వారం కలిసే పాఠకుల బృందం దగ్గర్లో ఉంటే ఏదో ఒకటి ఎంచుకోండి. కంప్యూటర్ మీద ఆసక్తి ఉంటే ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఉచితం, అది పిల్లలు సొంతంగా ఆటలు, కథలు తయారుచేసుకునే ప్రోగ్రామింగ్ సాధనం. ఎవరో చేసిన ఆటను తెరిచి, మార్చి చూడటంతో మొదలుపెట్టమనండి. వారానికి నాలుగు క్లాసుల్లో చేర్చడం మాత్రం వద్దు. ఏ పనీ చెప్పని ఖాళీ సాయంత్రాలు అలాంటి పిల్లలకు మరీ అవసరం.

ప్రశ్న: ఆన్‌లైన్ ట్యూషన్ పనికొస్తుందా?

జవాబు: ఎదుటివారికి పిల్ల నోటుబుక్కు కనపడితే వస్తుంది. చాలాచోట్ల మొహమే కనపడుతుంది, రాసేది కనపడదు. ముందు చెప్పిన తీసివేతలో 366 ఎలా వచ్చిందో మాస్టారికి తెలిసే దారే లేదు. పాత ఫోను ఒకటుంటే నాలుగు లావుపాటి పుస్తకాల దొంతర మీద, కెమెరా బయటికి వచ్చేలా బోర్లా పెట్టి, నోటుబుక్కు వైపు చూసేలా ఉంచి, అదే క్లాసులో రెండో లాగిన్‌గా చేర్చండి. రెండో ఫోనులో మైకూ స్పీకరూ ఆపేయండి, లేకపోతే కీచుమని శబ్దం వస్తుంది. పదేళ్ల లోపు పిల్లలకు ఒక విడత అరగంట మించొద్దు.

ప్రశ్న: ట్యూషన్ ఎప్పుడు మాన్పించాలి?

జవాబు: చేర్చిన రోజు పెట్టిన పది లెక్కల్లాంటివే, అంకెలు మార్చి, ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత ఇంట్లో పెట్టండి. ఎనిమిది పైన సరిగ్గా చేస్తే వారానికి ఒక రోజుకు తగ్గించి, నెల తర్వాత మళ్లీ చూడండి. నిలబడితే మాన్పించవచ్చు. మార్కులు పెరిగినా, మాస్టారు పక్కన లేకపోతే మొదటి అంకె కూడా వేయకుండా ఎదురుచూస్తుంటే ఆయనతో మాట్లాడండి. ప్రతి లెక్కకూ మొదటి రెండు నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పకూడదని నియమం పెట్టమనండి.