సినిమా గది కోసం అప్పా? ముందు చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండాలి

ప్రశ్న: నా వయసు 36. ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా జీతం 52,000, ప్రైవేటు స్కూల్లో టీచరైన నా భార్య జీతం 16,000. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ, చీటీ అన్నీ కలిపి నెలకు 54,000 ఖర్చవుతోంది. బ్యాంకులో 38,000 ఉంది. నెలకోసారి నలుగురం మల్టీప్లెక్సుకు వెళ్తే 2,000 దాటుతోంది. అందుకే ఇంట్లోనే ఒక గదిని సినిమాలకు, పాటలకు, పుస్తకాలకు కేటాయిద్దామనుకుంటున్నాం. 65 అంగుళాల టీవీకి 85,000, సౌండ్ సిస్టమ్‌కు 45,000, లైట్లు, గోడలకు ప్యానెళ్లు, పుస్తకాల అలమారాకు 50,000 అవుతుందన్నారు. ఐదు ఓటీటీలు, ఒక పాటల యాప్‌కు నెలకు 1,200. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇదే మంచి సమయం అనిపిస్తోంది. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ మేలా, కార్డు మీద వడ్డీ లేదని చెప్పే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ మేలా? ఏ ఓటీటీలు తీసుకోమంటారు?

జవాబు: రెండు అప్పులూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. బ్యాంకు ఇస్తానంది కాబట్టి మనం కట్టగలం అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ప్రీ అప్రూవ్డ్ అని మెసేజ్ పంపే ముందు మీ పిల్లల ఫీజు ఎంతో బ్యాంకు చూడదు. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

నెలకు మీకు మిగిలేది 14,000. నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే గది మొత్తం ఖర్చు 1,80,000ను 12తో భాగించండి, నెలకు 15,000. అంటే మొదటి నెల నుంచే వెయ్యి తక్కువ పడుతుంది. ఆ వెయ్యి కార్డు మీద మిగిలిపోతే దానిపై పడే వడ్డీ ఏడాదికి 40 శాతం పైమాటే. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదుకు కొంటే వచ్చే తగ్గింపు పోవడం, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ, ఇలా ఏదో ఒక దారిలో ఆ వడ్డీ మీ దగ్గరికే వస్తుంది.

పర్సనల్ లోన్ అయితే నెలకు 6,152 చొప్పున 36 నెలలు. వడ్డీయే 41,000 దాటుతుంది. ఇక జీఎస్టీ సంగతి. 32 అంగుళాలు దాటిన టీవీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. 85,000 టీవీ మీద అది దాదాపు 7,200 ఆదా. ఆ 7,200 కోసం 41,000 వడ్డీ కడతామంటే నేను ఒప్పుకోలేను. పైగా థియేటర్ ఖర్చు మిగులుతుందన్నారు. నెలకు 2,000 మిగలడానికి 6,152 కట్టాలా? పెద్ద హీరో సినిమా మొదటి వారంలో పిల్లలు ఇంట్లో కూర్చుంటారా? ఆ ఖర్చు పూర్తిగా ఆగదు.

అద్దె ఇంటి గోడలకు 50,000 పెట్టడం అన్నిటికంటే బాధ కలిగించింది. ఇల్లు మారాల్సి వస్తే ప్యానెళ్లు, లైట్లలో చాలా భాగం అక్కడే వదిలేయాలి. దయచేసి ఆ అంకె కొట్టేయండి.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. మీ దగ్గరున్న 38,000 మీ ఇంటిని సరిగ్గా 21 రోజులు నడుపుతుంది. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు 21 రోజుల దూరంలో అప్పు పెట్టుకుని నడవకూడదు. 2020 లాక్‌డౌన్‌లో నాకు తెలిసిన ఒకాయనకు మూడు నెలలు జీతం ఆగింది. టీవీ కిస్తీ కట్టడానికి లోన్ యాప్‌లో తీసుకున్నాడు, దాన్ని తీర్చడానికి ఇంకో యాప్. ఆయన ఫోన్‌లో ఉన్న బంధువులందరికీ బెదిరింపు కాల్స్ వెళ్లాయి. చివరికి టీవీని సగం ధరకు అమ్మేశాడు, కిస్తీలు మాత్రం మిగిలాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో లోన్ యాప్ వేధింపుల కేసుల్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు చాలామందిని అరెస్టు చేశారు. ఆ యాప్‌ల దాకా వెళ్లినవాళ్లందరూ దుబారా మనుషులు కారు. చేతిలో మూడు నెలల ఖర్చు లేనివాళ్లు, అంతే.

అత్యవసరమైతే చీటీ పాడుకుందాం అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. అవసరం మీకు వచ్చిన నెలలోనే ఇంకొకరికీ వస్తే పాట పెరుగుతుంది, మీరు వదులుకునేదీ పెరుగుతుంది. చీటీని ఫీజుల కోసం ఉంచండి. అత్యవసర నిధిగా లెక్కపెట్టకండి.

మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 3,24,000. ఒక్కసారిగా చూస్తే కొండలా ఉంటుంది కాబట్టి ముందు మూడు నెలల ఖర్చు 1,62,000 దగ్గరికి చేరండి. జీతం పడిన రోజే 11,000 వేరే ఖాతాకు వెళ్లిపోవాలి, ఆ ఖాతాకు యూపీఐ ఉండకూడదు. 11 నెలల తర్వాత మీరు ఆ అంకెకు ఒక అడుగు దూరంలో ఉంటారు. బోనస్ లాంటిది ఏదైనా వస్తే మొత్తం అందులోకే. స్వీప్ ఎఫ్‌డీ (ఖాతాలో మిగులు డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్ అయ్యేది) అయినా, లిక్విడ్ ఫండ్ (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అయినా ఫర్వాలేదు. ఆరోగ్య బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. ఆఫీసు పాలసీ ఒక్కటే ఉంటే కుటుంబానికి విడిగా ఒకటి తీసుకోండి, ప్రీమియం మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు. సంపాదించే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే టర్మ్ పాలసీకీ అంతే.

మిగిలిన 3,000లో నెలకు 1,000 మీ సరదాకు. ఈ వెయ్యితో ఇల్లంతా కళకళలాడేలా చేయొచ్చు, మనసుపెట్టి ఎంచుకుంటే చాలు. ఐదు ఓటీటీలు ఒకేసారి పెట్టుకున్నవాళ్లు సాయంత్రం అరగంట ఏది చూడాలో వెతికి పడుకుంటారు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. నలుగురూ చూడాలనుకున్న సినిమాల పేర్లు అందులో రాయండి. ఆహా, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్, జియోహాట్‌స్టార్‌లలో ఏ ఒక్క దాంట్లో ఎక్కువ పేర్లు ఉంటే ఆ నెలకు అదే. కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి, చందా గడువు వరకు ఎలాగూ నడుస్తుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ కూడా ఓసారి చూడండి. మర్చిపోయిన చందాలు అక్కడ బయటపడతాయి. మీ ఫోన్ రీచార్జి, బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లతో ఏ ఓటీటీ వస్తోందో ముందే కనుక్కోండి, రెండుసార్లు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. పాత తెలుగు సినిమాల్లో చాలావాటిని హక్కుదారులే యూట్యూబ్‌లో పెట్టారు.

పుస్తకాల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తారు, మీ అద్దెలోంచి మీరు కూడా అది కడుతున్నట్టే. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి సభ్యత్వం గురించి అడగండి. కొనాలనిపిస్తే నెలకు 200 పక్కనపెట్టి, చలికాలంలో ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు పిల్లల చేతికే ఆ డబ్బివ్వండి. తాము ఏరి కొనుక్కున్న పుస్తకాన్ని పిల్లలు తప్పకుండా చదువుతారు, మా ఇంట్లో చూశాను. పాటలకు వివిధ భారతి చాలు, ఆకాశవాణి యాప్‌లో కూడా వస్తుంది. పాటల యాప్ కావాలన్నా, మధ్యలో ప్రకటనలు వచ్చినా ఫర్వాలేదనుకుంటే డబ్బు కట్టకుండానే వినొచ్చు.

1,62,000 చేరాక నిధికి 7,000, టీవీకి 4,000గా విడదీయండి. సౌండ్ సిస్టమ్ తర్వాత చూద్దాం. పది నెలల్లో 40,000 అవుతుంది, 43 అంగుళాల మంచి టీవీకి అది సరిపోతుంది. మొత్తం ఒకేసారి కట్టి కొనండి, నగదు ధర ఎంతో బేరమాడండి. ఈలోపు బ్యాంకు నుంచి వచ్చే ప్రీ అప్రూవ్డ్ మెసేజ్‌లకు జవాబివ్వకండి. మీ ఆఫీసు ఆరోగ్య పాలసీ ఎంతకు ఉందో, అందులో తల్లిదండ్రులు ఉన్నారో లేదో రాసి పంపండి, ఎంత తీసుకోవాలో చెబుతాను.