మధ్య అమెరికాలోని పాత మాయా నాగరికత శిల్పాన్ని చెక్కలో చెక్కి, రంగు చెక్కలు పొదగడం ఇంట్లో సాధ్యమేనా? ఏ చెక్క మంచిది?

సాధ్యమే. నేను చేశాను, పాడు కూడా చేశాను.

మాయావాళ్లవి రాతి శిల్పాలు కదా, చెక్కలో ఎందుకని వెక్కిరించేవాళ్లకు ముందు ఒక మాట. గ్వాటెమాలాలోని టికాల్ గుళ్లలో ద్వారాల పైన వేసిన దూలాలు చెక్కవే, అదీ సపోటా చెక్క! మనం గింజ ఊసేసే ఆ పండు పుట్టిల్లు ఆ ప్రాంతమే. ఎనిమిదో శతాబ్దంలో చెక్కిన ఆ దూలాల్లో కొన్ని ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లో, బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి.

నేను ఎంచుకున్నది మాత్రం మెక్సికోలోని పాత మాయా నగరం యాష్‌చిలాన్‌లోని సున్నపురాయి దూలం. ఆ నగరపు దూలాల్లో 24వ నంబరుది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 709 నాటి పూజ అది. రాజు కాగడా పట్టుకుని నిలబడితే, రాణి మోకాళ్ల మీద కూర్చుని ముళ్లతాడును నాలుకలోంచి లాగుతుంటుంది. "దీన్ని హాల్లో పెట్టారంటే ఊరుకోను" అంది మా ఆవిడ. మా అత్తగారికి వింతేమీ అనిపించలేదు. "మా ఊరి జాతరలో నాలుకకు శూలం గుచ్చుకోరా ఏమిటి?" అన్నారు.

తెల్లటి మేపుల్ పలక మీద తాడుకు నల్లటి ఎబోనీ చెక్క, రక్తపు చుక్కలకు ఎర్రటి పడాక్ చెక్క పొదిగాను. ఒక్కో చుక్క మినపగింజంత. గుంట తవ్వడం, ముక్క కొలత చూసుకోవడం, జిగురు పెట్టడం... ఆరు వారాంతాలు పట్టింది. చివరికి గరుకు కాగితంతో రుద్ది, లక్క పాలిష్‌లో గుడ్డ ముంచి ఒక్క తుడుపు తుడిచాను. లక్కను కలిపేది స్పిరిట్‌లో. పడాక్ ఎరుపు కూడా స్పిరిట్‌లో కరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. చుక్కలన్నీ ఒక్కసారిగా కారి రాణి గడ్డం, మెడ ఎర్రబడిపోయాయి. నిజం చెప్పొద్దూ, రెండు క్షణాలు బాగుందనే అనిపించింది. తర్వాత టెన్షన్ మొదలైంది.

మళ్లీ గరుకు కాగితం పట్టారో, ఎర్రపొడి తెల్ల చెక్కలోకి ఇంకా దిగుతుంది. ఉక్కు రేకుతో సన్నగా గీకి, పొడిని వాక్యూమ్‌తో లాగేసి, లక్కను పల్చగా స్ప్రే చేశాను. గుడ్డ దగ్గరికే రానివ్వలేదు. రాణి గడ్డం కాస్త అరిగింది.

ఇంత కష్టపడితే, చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది "మాయన్ క్యాలెండర్ చెయ్యలేదా?" అంటూ ఫోన్లో ఆ గుండ్రటి రాయి చూపిస్తారు. బాబూ, అది మెక్సికోలోని మరో జాతి, ఆజ్టెక్‌లది! 1790లో మెక్సికో సిటీ నడిబొడ్డున దొరికింది. 2012 యుగాంతం గోలలో దాన్నే చూపించి చూపించి జనం బుర్రలు పాడుచేశారు. ఇప్పుడు లేజర్‌తో కోసి 'మాయన్' అని అమ్మేస్తున్నారు. అసలు మాయా పనిలో పక్కన గళ్లలో ఉండేవి అక్షరాలు. తేదీలు, పేర్లు. వాటిని డిజైన్ అనుకుని ఇష్టమొచ్చినట్టు గీసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చెక్క సంగతా? టేకు వద్దు, నూనె ఎక్కువ, జిగురు సరిగ్గా పట్టదు. పడాక్ వాడితే కిటికీకి దూరంగా పెట్టండి. నాది హాల్లోకి రానివ్వలేదు కాబట్టి గ్యారేజ్ కిటికీ పక్కనే ఉండిపోయింది. వెలుతురు తగిలి చుక్కలు గోధుమరంగుకు తిరిగాయి. ఎండిన రక్తం కూడా అలాగే ఉంటుంది కదా అని ముట్టుకోలేదు.