తాతగారి రికార్డులు, యాప్ చెప్పిన ఎనిమిది వేలు

ప్రశ్న: చెన్నై టీ నగర్‌లో ఉంటాం. తాతగారి కాలం నాటి గ్రామఫోన్ రికార్డులు రెండు పెట్టెల నిండా ఉన్నాయి, ఎక్కువగా తెలుగు సినిమా పాటలు. అట్ట ఫొటో తీస్తే వెల చెప్పే యాప్‌లో ఒక్కోటి 8,000 రూపాయలని వచ్చింది. ఆ ధరకు అమ్మకానికి పెడితే నెల రోజులైనా ఒక్కరూ అడగలేదు. నిన్న ఒకాయన చూడకుండానే అన్నీ కొంటానన్నారు. అడ్వాన్సు కోసమని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమంటున్నారు. చెయ్యొచ్చా?

జవాబు: వద్దు. డబ్బు మనకు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేసే పని లేదు, యూపీఐ పిన్ కొట్టే పని అంతకన్నా లేదు. ఫోన్ పిన్ అడుగుతోందంటే డబ్బు మీ ఖాతాలోంచి బయటికి పోతున్నట్టే. మంచం అమ్మినా, ఫ్రిజ్ అమ్మినా, రికార్డులు అమ్మినా ఇదే ఫిర్యాదు ఆగకుండా వస్తోంది. బేరమాడకుండా, సరుకు చూడకుండా, అన్నీ కలిపి కొంటానన్నప్పుడే అనుమానించాలి. ముందు ఒక రూపాయి నిజంగానే పంపి నమ్మకం కుదిర్చేవాళ్ళున్నారు. ‘పొరపాటున ఎక్కువ వేశాను, తిరిగి పంపండి’ అని దొంగ ఎస్సెమ్మెస్ చూపించేవాళ్ళున్నారు. డబ్బు పడిందో లేదో మెసేజ్‌లో కాదు, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్సులో చూసుకోవాలి. సాయం చేస్తామంటూ స్క్రీన్ షేర్ చేసే యాప్ పెట్టమన్నా, ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైలు) పంపినా ముట్టుకోవద్దు. ఇప్పటికే స్కాన్ చేసి పిన్ కొట్టి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు మారిపోతుంది.

ఈ విషయంలో తప్పంతా వాడేవాళ్ళ మీదికి నెట్టేస్తే ఒప్పుకోను. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే ‘నాకు ఇంత పంపండి’ అని అవతలివాళ్ళు యాప్‌లో పంపే అభ్యర్థనలను, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది, మంచిదే. క్యూఆర్ దారి మాత్రం తెరిచే ఉంది. క్యూఆర్ తయారుచేసేవాడు ఎంత మొత్తమో, రిమార్కు ఏమిటో ముందే అందులో రాసి పెట్టొచ్చు. అక్కడ ‘అడ్వాన్స్ రిసీవ్డ్’ అని వాడు రాస్తే, యాప్ దాన్ని తన మాటే అన్నట్టు తెర మీద చూపించే డిజైను ఎంత బాధ్యతలేనిది! ‘ఈ డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది’ అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో, మనం ఎంచుకున్న భాషలో, పిన్ తెరకు ముందు తప్పకుండా రావాలి. అంతకంటే ముఖ్యమైన అప్‌డేట్ ఏముంటుంది? రంగులు మార్చడానికి నెలకో అప్‌డేట్ పంపేవాళ్ళకు ఇది చేతకాని పని కాదు.

ఇక ఆ 8,000 సంగతి. 78 ఆర్‌పీఎం రికార్డులు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డులు) చాలావరకు మధ్యలో గుండ్రటి రంధ్రం ఉన్న కంపెనీ కాగితపు కవర్లలోనే వచ్చాయి. వందల పాటలకు అదే కవరు. దాని ఫొటో చూసి లోపల ఏ పాట ఉందో ఏ యాప్ చెప్పగలదు? పైగా ఇలాంటి యాప్‌లు చూపించేది సాధారణంగా ఎవరో ఎక్కడో అడుగుతున్న ధర. మీకు కావలసింది అమ్ముడుపోయిన ధర.

అది వెతకడానికి రెండు నంబర్లు రాసుకోండి. లేబుల్ మీద అచ్చువేసినది కేటలాగ్ నంబరు. పాట గాడులు అయిపోయాక, లేబుల్‌కు ముందున్న ఖాళీ నల్ల వలయంలో చెక్కినది మ్యాట్రిక్స్ నంబరు. టార్చి ఏటవాలుగా వేస్తే కనిపిస్తుంది. రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైటులో పాట పేరుతో వెతకొద్దు. తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కేటలాగ్ నంబరుతో వెతికి, మ్యాట్రిక్స్ నంబరుతో సరిచూసుకోండి. లాగిన్ అయితే అమ్మకాల చరిత్రలో కనిష్ఠ, మధ్యస్థ, గరిష్ఠ ధరలు కనిపిస్తాయి. మధ్యస్థాన్ని పట్టుకోండి, గరిష్ఠాన్ని మరిచిపోండి. అక్కడ దొరక్కపోతే ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టి చూడండి.

ఆ ధర కూడా రికార్డు స్థితిని బట్టే. సేకరించేవాళ్ళు వాడే గోల్డ్‌మైన్ (అమెరికా రికార్డుల పత్రిక) లెక్కలో కొత్తదానిలా ఉన్న నియర్ మింట్ ధర వంద అనుకుంటే, వెరీ గుడ్ ప్లస్‌కు యాభై, వెరీ గుడ్‌కు పాతిక, గుడ్‌కు పది పదిహేను. పేరుకే ‘గుడ్’, అంటే బాగా అరిగిపోయిందనే. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్‌లో ఉక్కు ముల్లుతో వందలసార్లు మోగిన రికార్డుకు గాడులు నల్లగా మెరవవు, బూడిద రంగులోకి తిరుగుతాయి. పాతదైతే చాలు విలువైనదే అనుకోవద్దు. ఇంటింటా కొన్న భక్తి ఎల్పీకి (ఒక్కో వైపు చాలా పాటలు పట్టే వినైల్ రికార్డుకు) ధర రాదు. కలకత్తాలోని హెచ్‌ఎంవీ దమ్ దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన విదేశీ రాక్ ఎల్పీ ఒకటి పెట్టె అడుగున ఉంటే దాన్ని మాత్రం విడిగా తీసి పెట్టండి, విదేశాల్లో అడిగేవాళ్ళుంటారు.

ఫొటోల దగ్గర ఒక హెచ్చరిక. ఫోన్ కెమెరాల్లో ఏఐ మెరుగులు సన్నటి గీతల్ని చెరిపేసి నున్నగా చూపిస్తాయి. కొన్నవాళ్ళు చేతికొచ్చాక గీతలు చూసి డబ్బు వెనక్కి అడుగుతారు, అప్పుడు తప్పు మీదే అవుతుంది. సీన్ మోడ్, హెచ్‌డీఆర్ ఆపేసి, పక్కనుంచి వెలుతురు పడేలా తియ్యండి. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ కూడా తీసెయ్యండి. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే మీ ఇల్లు ఎక్కడుందో కూడా దాంతోపాటే వెళ్తుంది.

మోగించి చూపిద్దామని సూట్‌కేసు ఆకారపు చవక ప్లేయర్ కొనకండి. మంచి ప్లేయర్ ముల్లు రెండు గ్రాముల బరువుతో ఆనితే, వీటిలో చాలావాటిది ఐదారు గ్రాములు. అమ్మబోయే ఎల్పీని ఇలా అరగదీసుకోవడం దేనికి? 78 రికార్డుకు గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి మూడు మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున దొర్లి గరగరమంటుంది. 78 రికార్డుల్ని స్పిరిట్‌తో, శానిటైజర్‌తో తుడిస్తే లక్క కరిగి రికార్డే పాడవుతుంది. మెత్తని పొడిగుడ్డ చాలు.

లక్క రికార్డు వంగదు, విరుగుతుంది. వీలైతే చెన్నైలోనే చేతికిచ్చి అమ్మండి. కొరియర్ తప్పదంటే ఒక్కో రికార్డుకు అటూ ఇటూ రికార్డుకంటే పెద్ద గట్టి అట్టలు పెట్టి కదలకుండా టేపు వేసి, చుట్టూ రెండంగుళాల మేర కాగితం కూరి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టండి. ఎల్పీ అయితే రికార్డును అట్టలోంచి తీసి లోపలి కవరుతో పక్కన ఉంచండి. లేకపోతే దారిలో కుదుపులకు రికార్డు అంచు అట్ట అతుకును చీల్చేస్తుంది.