శనికి సరుకు మోసే నీ ఒంటరి మనిషి గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. శని గ్రహం దాకా సరుకు తీసుకెళ్లే స్పేస్ షిప్పు, లోపల ఒక్కడే మనిషి, ఐడియా నాకు చాలా నచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. మొదటి మూడు పేజీల నిండా అనంతం, శూన్యం, చిమ్మచీకటి ఉన్నాయి గానీ ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో ఒక్క లైన్ కూడా లేదు.

అసలు వాడు అక్కడ ఎందుకున్నాడు? అంతరిక్షంలో తిరిగే నిజం కార్గో షిప్పులకి మనిషి అక్కర్లేదు కదా. 1978లో సోవియట్ వాళ్ల మొదటి ప్రోగ్రెస్ కార్గో షిప్పు, వాళ్ల స్పేస్ స్టేషన్ సల్యూట్-6కి సరుకు మోసినప్పుడే అందులో ఎవరూ లేరు, సామాను దింపుకుని చెత్త నింపి వదిలేస్తే వాతావరణంలో కాలిపోయేది, ఇప్పటికీ ప్రోగ్రెస్‌లది అదే పద్ధతి. కాబట్టి వాడు ఉండి తీరాల్సిన కారణం ఒకటి నువ్వు వెతకాలి. సరుకులో ప్రాణమున్నదేదైనా ఉండొచ్చు, రోజూ ఒకరు చూసుకోవాల్సింది. లేదా అక్కడివాళ్లకి ఇళ్ల నుంచి వెళ్తున్న పార్సిళ్లు, ఏళ్ల తరబడి వాటి పక్కనే నిద్రపోతాడు, ఒక్కటీ వాడి పేరు మీద లేదు. నాకైతే ఈ రెండోది రాయాలనిపిస్తుంది.

చీకటి తగ్గించు. గ్రహాల మధ్య రాత్రి అంటూ ఉండదు, సూర్యుడు ఎప్పుడూ ఒక పక్క ఉంటాడు, దూరం వెళ్లేకొద్దీ చిన్నవాడవుతాడు అంతే, లైట్లు ఆపుకుంటేనే వాడికి రాత్రి. ఇంజిన్ హోరు కూడా తీసెయ్, మొదట్లో కాసేపు మండి ఆగిపోతుంది, తక్కువ ఇంధనంతో వెళ్లే దారిలో శనికి దాదాపు 6 ఏళ్లు, ఆ ఏళ్లన్నీ ఊరికే సాగిపోవడమే. ఆగనివి ఫ్యాన్లు. బరువు తెలియని చోట వేడిగాలి పైకి పోదు, ఫ్యాన్ తిరగకపోతే నిద్రలో వదిలిన ఊపిరే మొహం చుట్టూ పేరుకుంటుంది. నువ్వు నిశ్శబ్దం అని రాసిన ప్రతిచోటా ఆ ఫ్యాన్ల రొద పెట్టు, తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది ఆగాలి, అప్పుడు చూడు చదివేవాడి పరిస్థితి.

ఇంకోటి, స్పేస్ స్టేషన్‌లో నెలల తరబడి ఉన్నవాళ్లకి అరికాళ్ల చర్మం ఊడి మెత్తబడుతుంది, పట్టుకోవడానికి కడ్డీల కింద దూర్చి దూర్చి పాదం పైభాగం గట్టిపడుతుంది. ఇలాంటిది ఒకటి చాలు, పేజీడు వర్ణన రాయక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నాలుగో చాప్టర్‌లో వాడు శని దగ్గర్నుంచి అమ్మతో ఫోన్లో మాట్లాడతాడే, అది కుదరదు. చంద్రుడి దూరంలో మాట చేరడానికి సెకను పైన పడుతుంది, అంగారకుడి దగ్గర 3 నుంచి 22 నిమిషాలు, శని దగ్గర గంట దాటుతుంది. అంటే తిన్నావా అని ఆవిడ అడిగి, జవాబు వినేసరికి రెండు గంటలు పైనే. నీ కథకి ఇదే ప్రాణం, దీన్ని వదులుకోకు. మొదటి రోజుల్లో మామూలుగా మాట్లాడుకుంటారు, కొన్నాళ్లకి ఒకరి మాటమీద ఒకరు పడతారు, ఆ తర్వాత ఎవరి మాటలు వాళ్లు రికార్డ్ చేసి పంపుకోవడమే. వాడు కోపంగా ఏదో అనేస్తాడు, వెంటనే బాధపడి ఇంకోటి పంపుతాడు, కానీ మొదటిది ముందే బయల్దేరింది, ఆవిడ దాన్నే ముందు వింటుంది. వీటిని తొందరపడకుండా రాయి, ఎంత పొడవైనా పర్లేదు.

అలాగని వాణ్ని రోజూ ఏడిపించకు. 1969లో అపోలో-11లో వెళ్లిన మైఖేల్ కాలిన్స్, మిగతా ఇద్దరూ చంద్రుడి మీద దిగితే, ఒక్కడే చంద్రుడి చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టులో 48 నిమిషాలు రేడియో కూడా లేకుండా అవతలి పక్క ఉండేవాడు, ఆ టైమ్‌లో తనకి కలిగింది దాదాపు సంబరం లాంటిదని తర్వాత రాసుకున్నాడు. నీవాడికీ ఒంటరిగా ఉండటం హాయిగా అనిపించే రోజులు ఇవ్వు, ఆ హాయి సంగతి అమ్మకి పంపే మెసేజ్‌లో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోనీ.

ముందు ఆ నాలుగో చాప్టర్ ఒక్కటీ మళ్లీ రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

మీ అన్న