బెర్లిన్‌లో కింది లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరదామనుకుంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసి, వీడు అంత దూరం చదువుకని వెళ్ళి అక్కడ కూడా బంతి బంతి అంటున్నాడు అన్నయ్యా, కాస్త నువ్వన్నా చెప్పు అంది. ఆడుకోనివ్వమనే చెప్పాలే, కంగారు పడకు. నవంబర్ వచ్చిందంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర లోపే చీకటి పడిపోద్ది, హాస్టల్ రూమ్‌లో ఒక్కడివే కూర్చుని ఫోన్ గీక్కుంటూ దిగులు పడేకంటే వారానికి రెండు రోజులు గ్రౌండ్‌కి పోవడం చదువుకి కూడా మంచిదే.

కానీ నువ్వు పెట్టిన మెసేజ్ చూస్తే నాకు కొంచెం భయమేసింది. "మంచి లెవెల్ క్లబ్ చెప్పు మామయ్యా, ట్రయల్స్ ఎప్పుడుంటాయి" అని అడిగావు. కింది లీగుల్లో ట్రయల్స్ అంటూ ఏమీ ఉండవురా. నిన్నెవరూ సెలెక్ట్ చెయ్యరు, నువ్వే వెళ్ళి క్లబ్బులో మెంబర్‌వి అవుతావు. దాన్ని ఫెరైన్ అంటారు, చిన్నపిల్లల టీముల దగ్గర్నుంచి యాభై దాటిన వాళ్ళ టీమ్ దాకా అన్నీ అందులోనే ఉంటాయి, ఏడాదికోసారి మీటింగ్ పెట్టి లెక్కలు చెప్తారు, ఓట్లు వేస్తారు, అందులో నీకూ ఒక ఓటు ఉంటది. మన దగ్గర యాప్‌లో టర్ఫ్ బుక్ చేసి తలా రెండొందలు వేసుకుని అయిదుగురేసి ఫైవ్స్ ఆడినట్టు కాదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా సగం నేను చెప్పక్కర్లేదు.

ముందు లెవెల్ సంగతి. బెర్లిన్ క్లబ్ యూనియన్ ఆడే బుండెస్‌లీగా జర్మనీలో అన్నిటికంటే పైన ఉంది కదా, అక్కడ్నుంచి కిందకి దిగితే రెండో బుండెస్‌లీగా, మూడో లీగ్, రెగియోనాల్‌లీగా, ఓబర్‌లీగా, ఆ తర్వాత ఆరో మెట్టు బెర్లిన్ లీగా. పూర్తిగా సిటీ లోపలే జరిగే లీగుల్లో అదే టాప్. దాని కింద లాండెస్‌లీగా రెండు గ్రూపులు, బెత్సిర్క్స్‌లీగా మూడు గ్రూపులు, ఇంకా కింద క్రైస్‌లీగా ఏ, బీ, సీ, అంటే చివరిది పదకొండో మెట్టు. బెర్లిన్ లీగా నుంచి కిందవన్నీ నడిపేది బెర్లిన్ ఫుట్‌బాల్ అసోసియేషనే, అది 1897 నాటిది. ఆరో లెవెలే కదా అని చులకనగా చూడకు, అక్కడ ఆడే వాళ్ళలో చాలామంది పెద్ద క్లబ్బుల అకాడమీల్లో పెరిగి పైకి వెళ్ళలేకపోయిన కుర్రాళ్ళు, వారానికి మూడు నాలుగు ట్రైనింగులు, కొందరికి చేతిలో కాస్త డబ్బు కూడా పెడతారు. నువ్వు కాలేజ్ టీమ్ కెప్టెన్‌వే, కాదన్ను, కానీ మూడేళ్ళుగా నలభై నిమిషాల ఫైవ్స్ తప్ప పదకొండు మంది ఆట ఆడలేదు. క్రైస్‌లీగా బీ గానీ సీ గానీ, లేదా కొంచెం పెద్ద క్లబ్బు రెండో టీమో మూడో టీమో, అక్కడ మొదలుపెట్టు. బాగా ఆడితే ఆ క్లబ్బులోనే పై టీమ్ కోచ్ వచ్చి అడుగుతాడు, అడక్కపోతే నీ లెవెల్ అదే అనుకుని హాయిగా ఆడుకో.

క్లబ్ ఎంచుకునేటప్పుడు పేరు చూడకు, దూరం చూడు. ట్రైనింగ్ రాత్రి ఏడింటికో ఎనిమిదింటికో ఉంటది, ఎందుకంటే ఆరింటిదాకా గ్రౌండ్ పిల్లలదే, సిటీలో గ్రౌండ్లు తక్కువ, టీములు ఎక్కువ, సగం గ్రౌండ్‌లో మీరు ఇంకో సగంలో వేరే టీమ్. అయ్యేసరికి తొమ్మిదిన్నర, తడిసిన బట్టలు, బయట సున్నా డిగ్రీలు, అప్పుడు రెండు ట్రైన్లు ఒక బస్సు మారాలంటే మూడో వారానికే మానేస్తావు. సైకిల్ మీద ఇరవై నిమిషాల్లో చేరగలిగే క్లబ్ చూసుకో. ఫుస్‌బాల్ డాట్ డీఈ అని సైట్ ఉంది, అందులో నీ పిన్‌కోడ్ కొడితే దగ్గర్లో జరిగే మ్యాచ్‌లన్నీ వస్తాయి, పదకొండో మెట్టు టేబుల్ కూడా పాయింట్లతో సహా ఉంటది. ఒక ఆదివారం పోయి రెండు మ్యాచ్‌లు చూడు, ఆ టీమ్ వాళ్ళు ఓడిపోతున్నప్పుడు ఒకళ్ళనొకళ్ళు ఎలా తిట్టుకుంటున్నారో గమనించు. అది చూస్తే చాలు.

తర్వాత మూడు లైన్ల ఈమెయిల్, జర్మన్‌లోనే రాయి, తప్పులున్నా పర్లేదు. పేరు, వయసు, ఏ పొజిషన్, ట్రైనింగ్‌కి ఒకసారి రావచ్చా అని. నీ గోల్స్ వీడియో పంపకు, నవ్వుతారు.

మొదటి రోజు చెప్పిన టైమ్‌కి పావుగంట ముందే ఉండు. ఏడింటికి ట్రైనింగ్ అంటే ఏడింటికి బూట్లు కట్టుకుని గ్రౌండ్ మీద నిలబడాలి, గేటు దగ్గర కాదు. డ్రెస్సింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే కూర్చోకు, ఉన్న ప్రతి ఒక్కడి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి పేరు చెప్పు, సాక్సులు వేసుకుంటూ వంగి ఉన్నా సరే వాడి ముందు ఆగు, మూలన కూర్చున్న గోల్‌కీపర్‌ని కూడా వదలకు. తర్వాత వచ్చిన ప్రతివాడూ అలాగే అందరికీ చెయ్యి ఇచ్చుకుంటూ వస్తాడు. ఇది చెయ్యనివాడు పొగరుబోతు కింద లెక్క, వాడెంత బాగా ఆడినా సరే. కోచ్‌కి యాభై ఏళ్ళున్నా నువ్వు అనే పిలుస్తారు, అక్కడ సార్‌లు గీర్‌లు లేవు, నీకు మొదట్లో నోరు రాదు గానీ అలవాటైపోద్ది.

భాష గురించి మరీ బెంగ వద్దు, గ్రౌండ్ మీద వాడేది ఓ పది మాటలే. వెనక మనిషి ఉన్నాడంటే హింటర్‌మన్, టైముందంటే ట్సైట్, డిఫెన్స్ పైకి కదలాలంటే రౌస్, బంతి నాది వదిలెయ్ అంటే లియో. ఈ లియో ఎవడని మాత్రం అడక్కు, అందరూ లియోనే. పైగా సగం మంది ఇళ్ళలో టర్కిష్షో అరబిక్కో పోలిష్షో మాట్లాడేవాళ్ళే. క్రాయిజ్‌బెర్గ్‌లో 1978లో టర్కీ నుంచి వచ్చినవాళ్ళు పెట్టుకున్న తుర్కియెమ్‌స్పోర్ ఉంది, షోనెబెర్గ్‌లో 1980లో పుట్టిన ఎఫ్‌సీ ఇంటర్‌నాత్సియోనాలె ఉంది, వాళ్ళు జెర్సీ మీద కంపెనీ యాడ్ వేసుకోరు, నో రేసిజం అని రాసుకుంటారు. నీ రూమ్‌కి దగ్గరైతే అక్కడ అడుగు, కాకపోతే వద్దు, మళ్ళీ చెప్తున్నా, దూరమే ముఖ్యం.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడే మనవాళ్ళు విసిగిపోతారు. మెంబర్‌షిప్ ఫారం వేరు, మ్యాచ్ ఆడే పర్మిషన్ వేరు. మెంబర్ అయితే ట్రైనింగ్ చెయ్యొచ్చు అంతే, లీగ్ మ్యాచ్ ఆడాలంటే అసోసియేషన్ దగ్గర నీ పేరు మీద పాస్ ఉండాలి. బయటి దేశం నుంచి వచ్చావు కాబట్టి జర్మన్ ఫెడరేషన్ మన ఆలిండియా ఫెడరేషన్‌కి రాసి క్లియరెన్స్ తెప్పించుకుంటది, అందుకని ఇక్కడ ఏ క్లబ్బుకైనా రిజిస్టర్ అయ్యావా లేదా నిజం రాయి, ఇండియాలో ఆడింది వాళ్ళకేం తెలుస్తుందిలే అని ఖాళీ వదిలెయ్యకు. వారాలు పట్టొచ్చు. నువ్వు వెళ్ళింది అక్టోబర్‌లో, సీజన్ ఆగస్టులోనే మొదలైపోయింది, డిసెంబర్ మధ్య నుంచి చలికాలం బ్రేక్ ఎటూ ఉంటది, కాబట్టి ఇప్పుడు చేరి ట్రైనింగ్ చేసుకుంటూ ఉండు, మళ్ళీ మ్యాచ్‌లు మొదలయ్యేసరికి పాస్ చేతికొస్తే బంగారం. ఫీజు క్లబ్బుని బట్టి నెలకి పదిహేను ఇరవై యూరోలు అటూ ఇటూ, స్టూడెంట్లకి తగ్గింపు ఉందేమో అడుగు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

క్లబ్ నచ్చకపోతే ఊరికే వెళ్ళడం మానేస్తే సరిపోదు. ఫీజు అకౌంట్ నుంచి కట్ అవుతూనే ఉంటది, రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వాలి, ఎన్ని నెలల ముందు ఇవ్వాలో క్లబ్ రూల్స్‌లో ఉంటది, సంతకం పెట్టే ముందే చదువుకో. వేరే క్లబ్బులో ఆడాలన్నా అంతే, వేసవిలో మారాలంటే జూన్ 30 లోపు, చలికాలంలో అయితే డిసెంబర్ 31 లోపు పాత క్లబ్బుకి చెప్పెయ్యాలి. చలికాలంలో పాత క్లబ్ ఒప్పుకోకపోతే ఆఖరి మ్యాచ్ ఆడిన రోజు నుంచి ఆరు నెలలు కూర్చోవాల్సిందే. అందుకే విడిపోయేటప్పుడు గొడవ పెట్టుకోకు, కోచ్‌తో కూర్చుని మాట్లాడి వచ్చెయ్.

సామాన్ల విషయానికొస్తే, అక్కడ చాలావరకు ఆర్టిఫిషియల్ టర్ఫే, దానిమీదకి అడుగున ఇనుప స్టడ్స్ ఉన్న బూట్లు రానివ్వరు. షిన్ గార్డ్స్ లేకపోతే రిఫరీ లోపలికే రానివ్వడు. చలికి లోపల వేసుకునే ఫుల్ హ్యాండ్స్ బనియన్ జెర్సీ చేతుల రంగులోనే ఉండాలి, అందుకని టీమ్ రంగు తెలిశాకే కొనుక్కో.

మ్యాచ్ రోజు ఒక్కటి గుర్తుపెట్టుకో, కింది లీగుల్లో రిఫరీ ఒక్కడే ఉంటాడు, లైన్స్‌మెన్ ఉండరు. ఆఫ్‌సైడ్లు సగం అంచనానే. అరవకు. 2019 అక్టోబర్‌లో రిఫరీల మీద దాడులు ఎక్కువైపోయాయని బెర్లిన్ రిఫరీలు స్ట్రైక్ చేస్తే ఒక్క వీకెండ్‌లో దాదాపు 1500 మ్యాచ్‌లు ఆగిపోయాయి, పిల్లల మ్యాచ్‌లతో సహా. 2024-25 సీజన్ నుంచి అయితే రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కే, గొడవ ముదిరితే ఆట ఆపేసి రెండు టీముల్నీ ఎవరి పెనాల్టీ బాక్సులోకి వాళ్ళని పంపేస్తాడు. అక్కడి నా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నాలే, వాళ్ళ గోల రోజూ చదువుతుంటా. ఎవడైనా నీ రంగు గురించి కూస్తే మాత్రం ఊరుకోకు, అలాగని చెయ్యి ఎత్తకు, వెంటనే కెప్టెన్‌ని పిలిచి రిఫరీకి చెప్పించు, అది రిపోర్టులో ఎక్కాలి, రిపోర్టులో ఉంటేనే అసోసియేషన్ స్పోర్ట్స్ కోర్టు పట్టించుకుంటది. ఇంటికొచ్చాక చెప్తే ఎవరూ వినరు.

ఇక ఆట కానిది, నిజంగా నీకు పేరు తెచ్చేది. టీమ్ జెర్సీలు వంతులవారీగా ఒక్కొక్కళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఉతకాలి. వర్షంలో ఆడిన ఆదివారం ఆ బ్యాగు ఎంత బరువుంటదో, బస్సులో పక్కన ఎవడూ కూర్చోడు. రాత్రే ఉతుకు, తెల్లారిందాకా మూసి ఉంచితే ఆ వాసన ఇక పోదు. జెర్సీలు తిరగేసి ముప్పై డిగ్రీల్లో వెయ్యి, సాఫ్ట్‌నర్ పొయ్యకు, ఆ టర్ఫ్‌లో ఉండే నల్ల రబ్బరు గింజలు ముందు బాల్కనీలో దులుపు, లేకపోతే హాస్టల్ మెషీన్ జాలి బ్లాక్ అయ్యి హాస్టల్ కేర్‌టేకర్ నీ మీద పడతాడు. తీసుకునేటప్పుడు ఒకసారి, ఇచ్చేటప్పుడు ఒకసారి నంబర్లు లెక్కపెట్టు, ఏడో నంబర్ ఎప్పుడూ మాయమవుతుంటది. పెద్ద గోల్‌పోస్టులు మొయ్యడం, పిల్లల టోర్నమెంట్ రోజు స్టాల్‌లో సాసేజ్‌లు కాల్చడం, ఇవి అడిగినప్పుడు ముందు చెయ్యెత్తేవాడు ఓ మోస్తరుగా ఆడినా వాడికి టీమ్‌లో చోటుంటది. లేటైతే ఫైన్, రిఫరీతో వాదించి ఎల్లో కార్డు తెచ్చుకుంటే ఫైన్, అన్నీ టీమ్ డబ్బాలోకే. పుట్టినరోజుకి బీరు పెట్టె నువ్వే తేవాలి. తాగకపోతే తాగకు, ఎవరూ బలవంతం చెయ్యరు, ఆపిల్ జ్యూస్ సోడా కలిపింది పట్టుకుని కూర్చో, కానీ పెట్టె మాత్రం తే, దాంతో పాటు మీ అమ్మ నేర్పిన మిరపకాయ బజ్జీలు ఒక డబ్బా తీసుకెళ్తే ఆ సీజన్ అంతా నిన్నెవడూ బెంచ్ మీద కూర్చోబెట్టడు. సరే, కూర్చోబెడతారు, కానీ బాధపడుతూ కూర్చోబెడతారు.

బెంచ్ మీద కూర్చున్నప్పుడు మొహం మాడ్చుకోకు. రాలేకపోతే గురువారమే గ్రూపులో చెప్పు, ఆదివారం పొద్దున చెప్తే కోచ్ నెల రోజులు గుర్తుపెట్టుకుంటాడు. ఖాళీ దొరికితే ఎడమ కాలు పని చూడు. మన హైదరాబాద్‌లో ఇండియా టీమ్ కోచ్ రహీం సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలని రూల్ పెట్టి టోర్నమెంట్లు నడిపేవాడు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే టోర్నమెంట్లు కూడా, అలా తయారైన వాళ్ళే 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళారు. నీకు డ్రిబ్లింగ్ పిచ్చి ఎక్కువ, క్రైస్‌లీగాలో బ్యాక్‌లు బంతి దొరక్కపోతే కాలు దొరికించుకుంటారు, రెండు టచ్‌ల్లో వదిలెయ్ రా.

వీలైతే ఒక సాయంత్రం నోయ్‌కోల్న్‌లో తస్మానియా అనే క్లబ్ మ్యాచ్ చూసి రా. పాత తస్మానియా 1965-66లో బుండెస్‌లీగాలో ఆడి 34 మ్యాచ్‌ల్లో రెండే గెలిచింది, అంతకంటే చెత్త సీజన్ ఇప్పటిదాకా ఎవరికీ లేదు, ఆ క్లబ్ మూతపడ్డాక అదే పేరుతో ఇప్పుడున్నది వచ్చింది, అందులోనే జర్మనీ జాతీయ టీమ్‌కి ఆడిన రూడిగర్ చిన్నప్పుడు ఆడాడు. టెంపుల్‌హోఫ్ వైపు వెళ్తే బీఎఫ్‌సీ జెర్మానియా 1888 ఉంది, జర్మనీలో ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అదే పాతది, కింది లీగుల్లోనే తంటాలు పడుతోంది, ఓ ముప్పై మంది చూడ్డానికి వస్తారు.

ఈమెయిల్ పంపే ముందు నాకు ఒకసారి పెట్టు, జర్మన్ సరిచేసి ఇస్తా. నీ హాస్టల్ పిన్‌కోడ్ కూడా రాయి, చుట్టుపక్కల ఏ క్లబ్బుల్లో మూడో టీమ్‌లు ఉన్నాయో మావాళ్ళని అడుగుతా. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వచ్చేదాకా మాత్రం ట్రైనింగ్‌కి వెళ్ళొద్దు, క్లబ్బుకి ఉండే ఇన్సూరెన్స్ పైపైన సాయం చేసేదే, కాలు విరిగితే ముందు చూసేది నీ కార్డే.

మీ మామయ్య